ఐదు నడకలు

నన్ను వెనకాల "హారన్" అంటారని నాకు తెలుసు. ఎదురుగా ఉన్నంతసేపు "ఉస్తాద్" అంటారు, పది అడుగులు వేశాక హారన్ అంటారు. నాకేం కోపం లేదు. ఇరవై రెండేళ్ళుగా సైన్యంలో డ్రైవర్లకి పాఠం చెబుతున్నాను. ఇంజను చప్పుడు మీద మాట వినబడాలంటే గొంతు పెంచక తప్పదు. ఇంట్లోనూ అదే గొంతు. నేను ఉప్పు అడిగితే పక్కింటావిడ తెచ్చిస్తుందని మా ఆవిడ దెప్పుతుంది.

పరాయి దేశంలో ఉద్యోగం చేయడం నాకిది మూడోసారి. ఇక్కడ జరిగిన గొడవలు సద్దుమణిగాక, మళ్ళీ రాజుకోకుండా చూడటానికి మా దళాన్ని పంపించారు. నాలుగు వందల మందిమి. ఊరి చివర రేకుల గదులు, ముళ్ళకంచె, తెల్లరంగు వేసిన బండ్లు. పనేమిటని ఎవరైనా అడిగితే "కాపలా" అంటాం. నిజానికి సగం పని ఇంటిమీద బెంగని అణచుకోవడమే. దాన్ని ఏ కాగితంలోనూ రాయరు.

ఈ దేశంలో బండ్లు రోడ్డుకి కుడివైపున నడుస్తాయి. స్టీరింగు ఎడమవైపు, గేరు కుడిచేతికి. వినడానికి ఇంతే. కానీ పదేళ్ళు ఎడమవైపున నడిపిన మనిషికి ఇది కుడిచేత్తో తినేవాణ్ణి ఎడమచేత్తో తినమన్నట్టు ఉంటుంది. బుర్రకి ఒక్క రోజులో అర్థమవుతుంది, ఒంటికి అర్థం కాదు. పైగా రద్దీలో ఎవరూ తప్పు చేయరు, ముందు బండి ఎటు పోతే అటు పోతారు. ప్రమాదమంతా ఖాళీ రోడ్డు మీదే. చుట్టూ ఎవరూ లేనప్పుడు ఒళ్ళు తన పాత ఊరికి వెళ్ళిపోతుంది.

అందుకని నాకొక పద్ధతి ఉంది. కొత్తగా దిగిన డ్రైవరు ఎంత మొనగాడైనా సరే, తాళంచెవి చేతికిచ్చే ముందు ఐదు నడకలు నడవాలి. రోజుకొకటి, గంటన్నర చొప్పున, ఊరి వీధుల్లో నా వెంట కాలినడక. అడ్డరోడ్డు వచ్చిన ప్రతిచోటా దాటిస్తాను. మొదటి రోజు అందరూ కుడివైపు చూసి అడుగు ముందుకేస్తారు. ఎడమవైపు నుంచి వచ్చిన బండి గాలికి చొక్కా ఎగిరి, గుండె నోట్లోకి వస్తుంది. ఐదో రోజుకి మెడ తనంతట తానే ఎడమకి తిరుగుతుంది. మెడ తిరిగితే చెయ్యి తిరుగుతుంది.

ఆ నడకల్లో ఇంకొకటి కూడా జరుగుతుంది, అది నేనెవరికీ చెప్పను. మంగలి దుకాణం, బట్టలారేసుకునే మిద్దెలు, బడి వదిలాక కొట్టుకునే పిల్లలు, మొగుణ్ణి తిడుతున్న ఇల్లాలు, అన్నీ చూస్తారు. అరె, వీళ్ళూ మనలాగే ఉన్నారే అనిపిస్తుంది. పరాయి ఊరన్న భయం అరికాళ్ళలోంచి దిగిపోతుంది. పెద్దాఫీసు నుంచి మనసు డాక్టరొకాయన వచ్చి గోడకి ఒక పటం తగిలించి వెళ్ళాడు. గాఢంగా ఊపిరి పీల్చండి, డైరీ రాయండి, ఆటలాడండి అని. చెడ్డ మాటలేం కావు. కానీ ఊపిరి ఎలా పీల్చాలో పటం చూసి నేర్చుకునేవాడు బండేం నడుపుతాడని నేనన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు మాత్రం మనసుకి మంచిదే.

ఈసారి వచ్చినవాళ్ళలో నీళ్ళ ట్యాంకరు నడిపే ఒకడున్నాడు. పేరుకి తగ్గ పని కాదు, పనికి తగ్గ పేరు పెట్టారు వాడికి, నిండుకుండ అని. కొండదారుల్లో తొమ్మిదేళ్ళు ట్యాంకరు నడిపినా ఒక్క గీత పడనివ్వలేదు. మాటా అంతే, అడిగితే ఒకటి, అడక్కపోతే అదీ లేదు. భార్యకి ఎనిమిదో నెల. రక్తపోటు ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారు. వీడు సెలవడిగాడు. దళం దిగి పది రోజులు కాలేదు సెలవేమిటన్నారు. ఆర్నెల్లదాకా ఎవరికీ లేదన్నారు.

క్యాంపులో ఇంటికి మాట్లాడే గది ఒక్కటే. తెర ఎదురుగా కూర్చుని ఒక్కొక్కరికి పది నిమిషాలు. నిండుకుండ వంతు సరిగ్గా నా నడక వేళకి పడింది. రెండు నడకలు నడిచాడు. మూడోనాడు నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఇవాళ ఆమెకి ఏదో పరీక్ష చేస్తున్నారంట."

"అయితే?"

"ఏం లేదన్నా. చెప్పానంతే."

వెళ్ళరా అన్నాను. నాలుగోనాడూ వెళ్ళమన్నాను. ఐదోనాడు నడక ముగించి వచ్చేసరికి ఆ గది బయట నిలబడి ఉన్నాడు. ఆడపిల్లట. నెల ముందే వచ్చింది, తల్లీబిడ్డా బాగానే ఉన్నారు. వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ సంతోషంలో, క్యాంపుకి నీళ్ళు తెచ్చే డ్రైవరు లేడని పైనుంచి వస్తున్న ఒత్తిడిలో, మిగతా మూడు నడకల పక్కన కూడా సంతకం పెట్టేశాను. వచ్చే వారం నడిపిద్దాంలే అనుకున్నాను. ఆ వచ్చే వారం ఎప్పుడూ రాదని నాలాంటివాడికి తెలిసుండాలి.

పది రోజుల తర్వాత, మంగళవారం మధ్యాహ్నం. నిండుకుండ బోరు దగ్గర నీళ్ళు నింపుకుని గేటు బయటకి వచ్చాడు. రోడ్డు ఖాళీగా ఉంది. అలవాటుగా కుడివైపు చూశాడు, ఎవరూ లేరు. ఎడమకి తిప్పి, దగ్గరి పక్కనే పోనిచ్చాడు. మన దగ్గరైతే అదే సరైన పక్క. ఇక్కడ ఎదురు వచ్చేవాళ్ళ పక్క. సైకిలు మీద ఒక ముసలాయన ఎదురుగా వస్తున్నాడు. వీడు బ్రేకు మీద నిలబడ్డాడు. ఆయన హ్యాండిలు తిప్పి మురుక్కాలవలో పడ్డాడు. కుడిచేతి మణికట్టు విరిగింది, సైకిలు ముందు చక్రం వంకరపోయింది. నిండుకుండే ఆయన్ని ఎత్తుకుని బండిలో కూర్చోబెట్టి మా ఆసుపత్రికి తెచ్చాడు. ఆయన ఊళ్ళో దర్జీ అని తర్వాత తెలిసింది. దర్జీకి కుడిచెయ్యి అంటే డ్రైవరుకి రెండు కళ్ళు.

విచారణ వేశారు. మేజర్ గారు విచారించాలి, శనివారం. నియమం చాలా సూటిగా ఉంటుంది. శిక్షణ పూర్తయ్యాక తప్పు చేస్తే డ్రైవరుది తప్పు. సర్వీసు పుస్తకంలో ఎర్రసిరా పడుతుంది, వెనక్కి పంపిస్తారు, ఏళ్ళ తరబడి ప్రమోషన్ ఉండదు. శిక్షణ ఇవ్వకుండానే ఇచ్చామని రాసి ఉంటే ఆ రాసినవాడిది తప్పు. ఆ రాసినవాణ్ణి నేను. ఇంకో మూడు నెలల్లో నేను ప్రమోషన్ మీద నాయబ్ సుబేదారు కావాల్సి ఉంది. మా ఆవిడ అప్పుడే ఇరుగుపొరుగు చేత సుబేదారు గారి భార్య అనిపించుకుంటోంది. వెనక్కి పంపితే హవల్దారుగానే ఇంటికి, ఆ తర్వాత రిటైర్మెంటు.

ఆ నాలుగు రోజులూ నా పరిస్థితి తేలు కుట్టిన దొంగలా ఉంది. పైకి అరవలేను, లోపల మంట తగ్గదు. నిండుకుండ మాత్రం నిండుకుండలాగే ఉన్నాడు. బండి కడిగాడు, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. శుక్రవారం సాయంత్రం నేను మాట ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరేం మాట్లాడకండన్నా. కాగితం మీద ఐదూ ఉన్నాయి. నేను చూసుకుంటాను."

పురిట్లో ఉన్న భార్యతో మాట్లాడుకోనిచ్చినందుకు వీడు తన ఉద్యోగాన్ని నాకోసం పణంగా పెడుతున్నాడనుకున్నాను. ఇలాంటి మనిషిని నేనెప్పుడు చూశానని నన్ను నేనే అడిగాను. అయినా సరేనన్నాను. ఆ సరే అన్నమాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

శనివారం విచారణ గదిలో బల్ల వెనక మేజర్ గారు, ఎదురుగా నిండుకుండ, గోడవారగా నేను.

"ఐదు నడకలూ నడిచావా?"

"నడిచాను సార్."

"మూడో నడక ఏ వీధుల్లో?"

"మొదటి రెండిటిలాగే సార్. సంత మీదుగా."

మూడో నడక సంత మీదుగా పోదు. రైలుగేటు మీదుగా పోతుంది. మేజర్ గారికి ఆ సంగతి తెలియదు, రాసుకుంటున్నారు. కలం కాగితం మీద గీసుకునే చప్పుడు నాకు వినిపిస్తోంది. ఆ ముసలాయన కట్టుతో ఉన్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యి విరగ్గొట్టింది వీడి స్టీరింగు కాదు, నా సంతకం.

"సార్, వాడు మూడు నడకలు నడవలేదు," అన్నాను. మామూలుగానే అన్నానని అనుకున్నాను, బయట కాపలావాడు తలుపు తీసి చూశాడు. "నేనే పంపలేదు. సంతకాలు నావి. అబద్ధం నాది."

నిండుకుండ నావైపు తిరిగి చూశాడు. అది కృతజ్ఞత అనుకున్నాను. మనిషికి తను చేసిన మంచిపని మీద ఉన్నంత గుడ్డినమ్మకం ఇంకే దాని మీదా ఉండదు.

తీర్పు సాయంత్రానికల్లా వచ్చింది. గురువారం విమానంలో నేను వెనక్కి వెళ్ళాలి. నిండుకుండకి మందలింపు మాత్రమే, మిగిలిన మూడు నడకలూ నడిచేదాకా లైసెన్సు ఆపారు. వెళ్ళేలోగా ఆ నడకలు నేనే నడిపించాలి.

బండ్ల షెడ్డు వెనక వాడు నన్ను పట్టుకున్నాడు.

"మిమ్మల్నెవరు మాట్లాడమన్నారన్నా?"

"ఒరే, నీ ఉద్యోగం..."

"నా ఉద్యోగం సంగతి మిమ్మల్నెవరడిగారు?" తొమ్మిదేళ్ళలో మొదటిసారేమో, నిండుకుండ తొణికింది. "ఎర్రసిరా పడితే పడేది. ప్రమోషన్ పోతే పోయేది. ఈ గురువారం విమానంలో నేనుండేవాణ్ణి! శనివారానికి ఇంట్లో ఉండేవాణ్ణి! ఎవరూ తప్పు పట్టకుండా ఇంటికి పోయే దారి ఒకటి దొరికితే, దానికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు కదన్నా!"

నేను అక్కడున్న టైరు మీద కూలబడ్డాను. వాడు నన్ను కాపాడటానికి అబద్ధమాడలేదు. బిడ్డని చూసుకోవడానికి ఆడాడు. నేను వాణ్ణి కాపాడాననుకుంటూ ఇంటికి పోవాలనుకున్నవాణ్ణి ఇక్కడ కట్టేశాను, ఇక్కడ ఉండాల్సిన నేను ఇంటికి పోతున్నాను. ఇద్దరం కలిసి మేజర్ గారి దగ్గరికి వెళ్ళి మార్చుకుంటామని చెబుదామా అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతిలోని రెంచీ నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు.

సోమవారం నడకకి వచ్చాడు. రైలుగేటు దగ్గర కుడివైపు చూసి అడుగేశాడు. కాలరు పట్టుకుని వెనక్కి లాగాను. లారీ మా ముక్కుల ముందు నుంచి పోయింది.

"చావాలనుందా?"

"అలవాటన్నా," అన్నాడు. ఆ పూటకి అదొక్కటే మాట.

మంగళవారం వాడు షెడ్డులోంచి దర్జీ సైకిలు తోసుకుంటూ వచ్చాడు. ముందు చక్రాన్ని తనే సరిచేశాడు. ఊళ్ళో దర్జీ దుకాణం ఒక మెట్టున్న చిన్న గది. ముసలాయన కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. కత్తిరింపులన్నీ ఆయన భార్య చేస్తోంది. మమ్మల్ని చూడగానే ఆవిడ కత్తెర పెట్టేసి లేచింది. ఆవిడ భాషలో మాకు ఒక్క ముక్క రాదు. అయినా ప్రతిమాటా అర్థమైంది. తిట్లకి అనువాదం అక్కర్లేదు. నిండుకుండ తలవంచుకుని మొత్తం భరించాడు. ముసలాయన మధ్యలో ఏదో సర్దిచెప్పబోతే ఆయనకీ కొన్ని తగిలాయి.

ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నిండుకుండ ఫోను తీసి పాప ఫొటో చూపించాడు. ఎందుకు చూపించాడో వాడికీ తెలియదనుకుంటాను. తర్వాత తన ఛాతీ మీద వేలు పెట్టుకుని, ఆ వేలు దూరంగా, చాలా దూరంగా చూపించాడు. ఆవిడ ఫోను తీసుకుని చాలాసేపు చూసింది. వేళ్ళు పైకెత్తి, ఎన్ని నెలలని అడిగింది. వీడు నెల కాలేదని సగం వేలు చూపించాడు. ఆవిడ మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది, కానీ ఈసారి వాణ్ణి కాదు. వాణ్ణి ఇంత దూరం పంపినవాళ్ళనని గొంతుని బట్టి తెలిసింది. ఫోను తెరని కొంగులాంటి గుడ్డతో తుడిచి వెనక్కి ఇచ్చింది.

బుధవారం చివరి నడక. సగం దారిలో బస్సులు ఆగే చోట బల్ల ఉంటే కూర్చున్నాం. వాడే మొదలుపెట్టాడు.

"తెరమీద ఎంతసేపు చూసినా బరువు తెలియదన్నా."

"ఎవరి బరువు?"

"పాపది. రెండు కిలోల ఆరొందలంట. ఎంతుంటుందో నాకు తెలియలేదు. సరుకుల గదికి పోయి బియ్యం తూయించుకున్నాను. సంచిలో పోసి, కాసేపు పట్టుకున్నాను." మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఎందుకని స్టోరువాడు అడిగాడు. ఊరికే అన్నాను."

వాడు ఏడ్చాడు. నేను ఆపలేదు. మొనగాళ్ళు ఏడవకూడదన్న పాఠం నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు, చెప్పను కూడా. నా సంగతి చెప్పాను. నా ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడూ నేను సరిహద్దుల్లోనే ఉన్నాను. పెద్దాడికి రెండేళ్ళప్పుడు ఇంటికి వెళితే నన్ను "మావయ్యా" అన్నాడు. మా ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను, ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళి చాలాసేపు బావి గిలక బాగుచేసినట్టు నటించాను.

"మరెలా తట్టుకున్నారన్నా?"

ఆ ప్రశ్నకి గోడమీది పటం కంటే మంచి జవాబు నా దగ్గరుందని అనను. నాకు తెలిసింది చెప్పాను. రోజులు లెక్కపెట్టకు, ఇంజనాయిలు మార్పులు లెక్కపెట్టు, రోజులకంటే అవి తక్కువ. ఇంట్లో ఏం వండారని అడగకు, ఆ రాత్రి ముద్ద దిగదు. ఫోను చివరి రెండు నిమిషాల్లో పోట్లాడకు, ఆ పోట్లాట వారమంతా నీతోనే ఉంటుంది. బాగున్నానని అబద్ధం చెప్పకు, బాగాలేనని చెప్పి కూడా ఊరుకోకు, ఇవాళ ఏం చేశావో చెప్పు. ఇవాళ సైకిలు చక్రం సరిచేశానని చెప్పు. ఖాళీగా ఉన్నప్పుడే మనసు తప్పు పక్కకి పోతుంది, కాబట్టి ఖాళీగా ఉండకు. సెలవు వచ్చేది ఆర్నెల్లకి. అప్పటికి పాప బోర్లాపడుతుంది, నవ్వుతుంది. నిన్ను మావయ్యా అనడానికి ఇంకా మాటలు రావు. ఆ లెక్కన నువ్వు నాకంటే అదృష్టవంతుడివి.

దానికి మాత్రం నవ్వాడు. లేచి రోడ్డు దాటాం. వాడి మెడ ముందు ఎడమకి తిరిగింది. కాగితం మీద మూడు సంతకాలు పెట్టాను, ఈసారి నిజమైనవి.

గురువారం ఉదయం నన్ను విమానం దగ్గర దింపడానికి వాడే బండి తెచ్చాడు. దారి పొడుగునా ఎక్కడా కుదుపు లేదు. ప్రతి మలుపులోనూ ముందు మెడ, తర్వాత చెయ్యి. దిగేముందు నా సంచీ అందించి, ఒక చిన్న చీటీ చేతిలో పెట్టాడు. వాళ్ళ ఇంటి చిరునామా.

"మీ ఊరికి రెండు గంటల దూరమే అన్నా. వెళతారు కదా?"

"వెళ్ళకుండా ఎలా ఉంటానురా?"

"నాకంటే ముందు మీరెత్తుకుంటారు." ఇంజను ఆపి స్టీరింగు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. "ఒక్క మాటన్నా. వెళ్ళేటప్పుడు ఉతికిన బట్టలు వేసుకోకండి. ఇప్పుడు వేసుకున్న చొక్కానే వేసుకోండి. డీజిలు వాసన ఉంది దీనికి. నేను ఎత్తుకున్నా అదే వాసన వస్తుంది. దానికి తెలియాలి కదా."

సరేనన్నాను. రెండు రోజుల ప్రయాణం తర్వాత ఇల్లు చేరితే మా ఆవిడ ప్రమోషన్ సంగతి ఎత్తలేదు. మొహం చూసే గ్రహించిందో ఏమో. ముక్కు మూసుకుని చొక్కా విప్పమంది, విప్పగానే బకెట్లో వేయబోయింది. చేతిలోంచి లాక్కుని మంచం కోడుకి తగిలించాను. మర్నాడు పొద్దున్నే తలారా స్నానం చేసి, దాన్నే మళ్ళీ తొడుక్కుని, వాళ్ళ ఊరి బస్సెక్కాను.